పెండ్లి వంటకు నల్లతుమ్మ కట్టె: ఇప్పుడు చీలిస్తే మార్చికి అందుతుంది

అన్నా, మీరు అడిగింది ఇదీ: నర్సంపేట దగ్గర చేను గట్టు మీదున్న రెండు పెద్ద నల్లతుమ్మలు పోయిన నెల తుఫాను గాలికి కూలినయి. మార్చిలో బిడ్డ పెండ్లి. వంటాయన "తుమ్మ కట్టె నాకు వద్దు, పొగతో కండ్లు పోతయి, చిటపటలకు నిప్పురవ్వలు మీద పడ్తయి" అంటున్నడు. మీ అమ్మ "తుమ్మను మించిన వంటచెరుకు లేదు" అంటున్నది. మధ్యలో ఇటుక బట్టీ ఆయన వచ్చి రెండు చెట్లూ మొత్తానికి బేరం చేస్తున్నడు. అమ్మాలా, ఉంచుకోవాలా, ఉంచుకుంటే మార్చికి ఎండుతుందా?

ఉంచుకోండి. మొత్తం కాదు, ఏది ఉంచుకోవాలో కింద చెప్తాను. మీ అమ్మ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. వంటాయన కూడా అబద్ధం చెప్పడం లేదు, కానీ ఆయన తిట్టాల్సింది తుమ్మను కాదు, పచ్చిదనాన్ని. పెండ్లికి వారం ముందు కొట్టి, మొద్దులు మొద్దులుగా ట్రాక్టర్‌లో తెచ్చి పోసిన తుమ్మతో వండమంటే ఎవరైనా ఆ మాటే అంటారు. మాది హన్మకొండలో కట్టెల వ్యాపారం చేసిన ఇల్లు. పెండ్లిళ్లకు, హోటళ్లకు, దినాలకు కట్టె పోస్తూ పెరిగినవాణ్ని కాబట్టి ఈ ఒక్క సంగతి గట్టిగా చెప్పగలను: పొగ గురించి మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో చెట్టు జాతి వల్ల వచ్చినవి బహు తక్కువ. దాదాపు అన్నీ తడి వల్ల, పొయ్యి వల్ల వచ్చినవే.

ముందు తుమ్మ ఎందుకు మంచిదో చూద్దాం. బాగా ఎండిన నల్లతుమ్మ కిలోకు సుమారు 4,800 కిలో క్యాలరీల వేడి ఇస్తుంది. లోపలి ఎర్రటి చేవ అయితే ఇంకాస్త ఎక్కువ, 4,950 దాకా. అయితే ఇది విని తుమ్మలో ఏదో మంత్రం ఉందనుకోవద్దు. తూకం మీద చూస్తే మామిడి, వేప, నీలగిరి కూడా దీనికి మరీ దూరంగా ఏం ఉండవు. తేడా అంతా బరువులో ఉంది. అదే చేతి మందం, అదే మూరెడు పొడవున్న మామిడి చెక్కను ఒక చేతిలో, తుమ్మ చెక్కను ఒక చేతిలో పట్టుకుని చూడండి, ఏ చేయి కిందికి లాగుతుందో తెలుస్తుంది. పొయ్యిలో పట్టే జాగా ఎప్పుడూ అంతే కదా. ఆ జాగాలో తుమ్మ పెడితే ఎక్కువ సరుకు పెట్టినట్టు. అందుకే మాటిమాటికీ కట్టె ఎగదోసే పని ఉండదు, మంట ఒక్క తీరుగా నిలుస్తుంది, మండిపోయాక బూడిద కాకుండా నిప్పులు మిగులుతాయి. పెండ్లి వంటకు ఆ నిప్పులే ముఖ్యం. ఆ మాట బగారా అన్నం దగ్గర చెప్తాను.

ఇక నీళ్ల సంగతి. అప్పుడే కొట్టిన తుమ్మలో పదికిలోలకు నాలుగు కిలోల దాకా నీళ్లే ఉంటాయి. అంటే మీరు పొయ్యిలో పెట్టిన పది కిలోల్లో మండేది ఆరు కిలోలు. మిగతా నాలుగు కిలోల నీళ్లను కాగబెట్టి ఆవిరి చేయడానికి కిలోకు 600 కిలో క్యాలరీల పైన, అంటే 2,400 పైచిలుకు ఖర్చవుతుంది. మొత్తం వేడిలో అది పదో వంతు కూడా కాదు. "పదో వంతే కదా, పోతే పోనీ" అనిపిస్తుంది. అసలు నష్టం అక్కడ లేదు. కట్టె మండడమంటే ముందు వేడికి దానిలోంచి పొగలాంటి వాయువులు బయటికి రావడం, ఆ వాయువులు అంటుకుని మంట కావడం. కట్టె తడిగా ఉంటే ఆవిరి ఆ మంటను చల్లారుస్తుంది. వాయువులు వస్తూనే ఉంటాయి, కానీ అంటుకోవడానికి సరిపడా వేడి ఉండదు. అంటుకోని ఆ వాయువే మీ వంటాయన కండ్లలోకి పోయే పొగ, బగోన అడుగున జిగటగా పట్టే మసి. అంటే పొగ రూపంలో మీ కట్టెలోని ఇంధనమే కాలకుండా గాల్లోకి పోతున్నదన్నమాట. తుమ్మ గట్టి కట్టె కాబట్టి లోపలి నీరు తొందరగా బయటికి రాదు. అందుకే పచ్చి తుమ్మ పచ్చి మామిడి కంటే ఎక్కువ సతాయిస్తుంది. చిటపటలు కూడా చాలా వరకు అందుకే. లోపల చిక్కుకున్న తడి, బెరడు కింద గడ్డకట్టిన బంక వేడికి ఉబ్బి పగిలి నిప్పురవ్వలు చిమ్ముతాయి.

కాబట్టి మీ పని రేపే మొదలుకావాలి. తుమ్మకు ఒక గుణం ఉంది: పచ్చిగా ఉన్నప్పుడు చీలుతుంది, ఎండిందంటే గొడ్డలిని వెనక్కి తంతుంది. "ఎండినాక తీరిగ్గా చీలుద్దాం" అని మొద్దులు అట్లాగే చేనులో వదిలేసినవాళ్లు రెండు విధాలా నష్టపోతారు. ఒకటి, చీల్చలేరు. రెండు, ఆ మొద్దు ఎండనే ఎండదు. చెట్టులో నీళ్లు పారేది నిలువునా, కాండం పొడవునా. అవి సులువుగా బయటికి వచ్చేదీ కోసిన కొసల నుంచి, చీల్చిన ముఖాల నుంచే. బెరడు తొడుక్కుని ఉన్న మొద్దు పైకి ఎంత ఎండినట్టు కనిపించినా నడుమ తడి ఉంటుంది. నడుము మందం మొద్దు ఏడాది తర్వాత కోసినా లోపల చేయి పెడితే చల్లగా తగులుతుంది.

కోయకముందే ఫోటోలు, అటవీశాఖ దరఖాస్తు పని ఒకటుంది, అది కింద చెప్తాను. ఆ తర్వాత చెట్లు కోసే మిషన్ ఆయన్ను పిలిచి ముందు కొమ్మల్ని కొట్టించండి. ముండ్ల కంపను ఒక పక్కకు లాగించండి, అది పారేసేది కాదు, తర్వాత పనికొస్తుంది. ట్రాక్టర్‌ను మాత్రం ఆ చుట్టుపక్కల తిప్పనీయొద్దు, తుమ్మ ముల్లు టైరును కూడా వదలదు. గాడిపొయ్యికి, అంటే నేలలో పొడవుగా తవ్వే పెండ్లి పొయ్యికి, పెట్టే కట్టె రెండు మూరలుంటే చాలు, ఆ పొడవుకు తుండ్లు కోయించండి. మణికట్టు కంటే సన్నం కొమ్మలకు చీల్చే పని లేదు, అక్కడక్కడా గొడ్డలితో బెరడు చెక్కితే సరిపోతుంది. అంతకంటే మందమున్న ప్రతి తుండునూ చీల్చాల్సిందే. గండ్రగొడ్డలి చాలకపోతే ఇనుప చీలలు, సమ్మెట తెచ్చుకోండి. తుండు కొసను చూస్తే నడుమ నుంచి అంచుకు పోయే సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. దెబ్బ ఆ నెర్రె మీదనే, అంచుకు దగ్గరగా పడాలి. నడిబొడ్డు మీద కొడితే గొడ్డలి ఇరుక్కుంటుంది. కొమ్మ మొలిచిన ముడి ఉన్న చోట కొట్టి బలం పాడుచేసుకోవద్దు. ఆ ముడి తుండ్లను పక్కకు పెట్టండి, కాగులో నీళ్లు కాగడానికి అవి చీల్చకుండానే పనికొస్తాయి, ఈ యేడు కాకపోతే వచ్చే యేడు. చీల్చిన పేళ్లు మణికట్టు మందం దాటొద్దు. మీకున్నవి మూడున్నర నెలలు. ఆ మందమైతే ఎండుతాయి, తొడ మందమైతే ఎండవు. ఊడివచ్చినంత బెరడును కూడా తీసేయండి. తడిని పట్టి ఉంచేదీ, పురుగుకు ఇల్లయ్యేదీ, ఎక్కువ బూడిద ఇచ్చేదీ అదే.

పేర్చడంలో చాలామంది చేసే పొరపాటు పరదాతో మూటగట్టడం. నీలం పరదా నాలుగు వైపులా కప్పి తాడు బిగిస్తే లోపలి తడి లోపలే తిరుగుతుంది, నెలకు బూజు పడుతుంది. కింద రెండు వరుసల రాళ్లో, ఇటుకలో వేసి జానెడు ఎత్తు లేపండి. దాని మీద ఒక వరుస నిలువుగా, ఒక వరుస అడ్డంగా, మధ్యమధ్య వేలు దూరేంత సందు వదిలి పేర్చండి. గూడు వెడల్పు ఒక్క కట్టె పొడవే ఉండాలి, కుప్పగా కాదు, గోడలాగా. పైన మాత్రం రెండు రేకులు వేసి రాయి పెట్టండి. పక్కలన్నీ తెరిచే ఉండాలి. కట్టెను ఎండబెట్టేది ఎండ కంటే గాలి ఎక్కువ. మన వైపు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలు పెద్దగా ఉండవు, పగటి గాలి పొడిగా ఉంటుంది, కాబట్టి మీకు కాలం కలిసివచ్చింది. తెల్లారుగట్ల మంచుకు పైవరుస తడవకుండా ఆ రేకులు చాలు. ఇంటి గోడకు ఆనించి మాత్రం పేర్చొద్దు. గాలి ఆడదు, చెద గోడ నుంచి ఎక్కుతుంది, సందుల్లో తేళ్లు, కట్లపాములు చేరుతాయి. కట్టె తీసేటప్పుడు ముందు కర్రతో తట్టి, పగటిపూట వెలుతురులో తీయమని ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు చెప్పండి. రాత్రి చీకట్లో గూట్లో చెయ్యి పెట్టి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు.

ఎండిందో లేదో మీకెట్లా తెలుస్తుంది? పేర్చే రోజే గూడులో వేర్వేరు చోట్ల నుంచి ఓ నాలుగైదు పేళ్లు తీసి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, కిరాణం తక్కెడ మీద తూచి బరువు వాటి మీదనే రాయండి. పదిహేను రోజులకోసారి మళ్లీ తూచండి. మొదట్లో బరువు బాగా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కిలో పేడు ఏడు వందల గ్రాముల దగ్గరికి వచ్చి, ఆ తర్వాత రెండు తూకాలకు పెద్దగా మారకుండా నిలిచిందంటే ఎండినట్టే. తూకం లేకపోతే చెవితో చూడండి. రెండు పేళ్లను ఒకదానికొకటి కొడితే ఎండినవి ఠంగుమంటాయి, పచ్చివి దబ్‌మంటాయి. కొసల మీద నెర్రెలు విచ్చుకుంటాయి, మిగిలిన బెరడు గోటితో లేపితే ఊడుతుంది. ఆఖరి పరీక్ష పొయ్యిలోనే: ఒక కొస మండుతుంటే ఇంకో కొస నుంచి నురుగు, సుయ్‌మనే చప్పుడు వస్తే ఆ గూడు ఇంకా వంటకు రాలేదు. ఫిబ్రవరి చివర్లో ఒక ఆదివారం వంటాయన్నే పిలిచి, ఈ కట్టెతో ఒక కాగు నీళ్లు కాగబెట్టి చూపించండి. నోటితో ఒప్పించడం కంటే ఆ పని సులువు.

ఎంత కట్టె కావాలన్నది మీరు అడగలేదు, కానీ బట్టీ ఆయనతో బేరానికి ముందు అది తెలియాలి. ఒక క్వింటాల్ బియ్యం వండుతామనుకోండి. నూటయాభై లీటర్ల నీళ్లు, ఆ బియ్యం మరిగే దాకా వేడెక్కాలంటే సుమారు 14,000 కిలో క్యాలరీలు. ఉడికేటప్పుడు ఇరవై లీటర్లన్నా ఆవిరవుతుంది, దానికి ఇంకో 11,000. మొత్తం 25,000. ఇది అన్నానికి చేరాల్సిన వేడి. తెరిచి ఉన్న పొయ్యిలో మంట వేడిలో పదో వంతు నుంచి ఏడో వంతే గిన్నెకు ఎక్కుతుంది, మిగతాదంతా గాలికి, మట్టికి పోతుంది. ఎండిన తుమ్మ కిలోకు చేతికొచ్చేది 4,000 అని పెట్టుకున్నా, గిన్నెకు చేరేది 400 నుంచి 600. లెక్క తేలిందల్లా, క్వింటాల్ బియ్యానికి 40 నుంచి 60 కిలోల ఎండుకట్టె. మాంసం, పప్పు, సాంబారు, తాగేందుకు, కడిగేందుకు వేడి నీళ్లు, గాలికి పోయేది, రాత్రి ముందుగా అంటించే పొయ్యి, అన్నీ కలిపితే నా అనుభవంలో అన్నానికి పట్టేదానికి మూడు నాలుగింతలు దగ్గర పెట్టుకోవాలి. అంటే క్వింటాల్ బియ్యం పెండ్లికి రెండు క్వింటాళ్ల ఎండుకట్టె ఉంటే నిశ్చింత. అడుగు మందం, పదడుగుల పొడవున్న ఒక్క తుమ్మ మొద్దే పచ్చిగా రెండు క్వింటాళ్ల పైన తూగుతుంది, ఎండితే క్వింటాలున్నర. మీవి పెద్ద చెట్లంటున్నారు. కొమ్మల్లోనే మీ పెండ్లి కట్టె వెళ్లిపోతుంది.

అందుకే చెప్తున్నాను, సాఫుగా ఉన్న మొదలు దగ్గరి మొద్దులను పొయ్యికీ పెట్టొద్దు, బట్టీకీ ఇయ్యొద్దు. బట్టీ ఆయనకు కావాల్సింది మంట, ఆయన ఏ కట్టెకైనా ఒకటే ధర కడతాడు. పెండ్లి కట్టె, ఈ మొద్దులు పోను మిగిలింది కావాలంటే ఆయనకు ఇయ్యండి. నాగలికి, కాడికి, బండి చక్రానికి మన తాతలు ఏరికోరి తుమ్మనే తెచ్చుకున్నారు. ఈరోజుకూ గొడ్డలి కామకు, పార కామకు, గుంటుకకు దాన్ని మించింది లేదు. మీ ఊళ్లో వడ్రంగికి చూపించండి, చేవ ఎంతుందో ఆయన చెప్తాడు. అట్లాంటి మొద్దును నీళ్లున్న గుంటలోనో, చెరువులోనో కొన్ని నెలలు ముంచి ఉంచి తర్వాత నీడలో ఆరబెట్టడం పాత పద్ధతి. పైచెక్కలోని పిండిపదార్థం నీళ్లలోకి పోతుంది, పుచ్చుపురుగు దాని జోలికి రావడం తగ్గుతుంది. చేవకు పురుగు భయం తక్కువే, పైన తెల్లచెక్కనే అది తొలుస్తుంది. వంటకట్టె గూడు కింద పసుపురంగు పిండి రాలుతున్నదంటే పురుగు పడ్డట్టు. అట్లాంటి కట్టెను ముందు కాల్చేయాలి, ఇంటి దూలాల దగ్గర అసలే పెట్టొద్దు. తుమ్మ వంటకట్టెను ఒక ఎండకాలం దాటించి ఆ వచ్చే చలికాలంలోపు వాడేసుకోవడం మేలు.

బయటికి అమ్మాలన్నా, తరలించాలన్నా ఒక పని మర్చిపోవద్దు. చెట్లకు సంబంధించి మనకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఉంది, అందరూ వాల్టా అంటారు. పట్టా చేనులో చెట్టయినా కొట్టడానికి, కట్టె రోడ్డు మీద తీసుకుపోవడానికి అటవీశాఖ అనుమతి అడుగుతారు. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. మీవి గాలికి కూలినవి కాబట్టి, ఇంకా కోయకముందే వేళ్లతో సహా పడ్డట్టు నాలుగు ఫోటోలు తీసి, పాసుపుస్తకం జిరాక్స్‌తో మీ ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, ఏం కాగితం కావాలో రాతలో తీసుకోండి. బట్టీ ఆయన "అవన్నీ నేను చూసుకుంటా" అంటాడు. బండి ఆపినప్పుడు చేను ఎవరిదని అడిగితే మీ పేరే వస్తుంది. మీ గట్టు చెరువు శిఖానికి, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలకు, ఆనుకుని ఉంటే ఇంకా జాగ్రత్త, శిఖంలోని తుమ్మలు చాలా చోట్ల ప్రభుత్వం నాటించినవి. పాకాల అభయారణ్యం మీకు దగ్గర, అక్కడి నుంచి ఎవరైనా తక్కువకు కట్టె తెచ్చిస్తామంటే ఆ మాటే వినొద్దు.

పొయ్యి దగ్గరికి వద్దాం. ఎంత ఎండు కట్టెనైనా చెడ్డ పొయ్యి పొగ పెట్టిస్తుంది. గాడిపొయ్యి తవ్వేటప్పుడు ఆ రోజు గాలి ఎటు నుంచి వస్తుందో చూసి, కట్టె పెట్టే నోరు అటు ఉంచండి, పొగ వంటవాళ్ల ముఖం మీదికి కాకుండా అవతలి కొస నుంచి పోతుంది. గాడి అడుగున నాలుగు ఇటుకలు పెట్టి వాటి మీద ఇనుప చువ్వలు పరిస్తే కట్టె కిందికి గాలి తగులుతుంది, బూడిద జారిపోతుంది. ఈ చిన్న పనికి ఎవరూ ఓపిక పట్టరు, పొగలో మాత్రం సగం తేడా అక్కడే వస్తుంది. గిన్నె అడుగుకు, మంటకు మధ్య జానెడు దూరం ఉండాలి. మరీ దగ్గరైతే మంట చల్లటి అడుగుకు తగిలి కాలకుండానే మసి అవుతుంది. బగోనల అడుగుకు, పక్కలకు ముందే మన్ను పూయిస్తే తోమేవాళ్లకు పుణ్యం.

అంటించడానికి తుమ్మ పనికిరాదు. గట్టి కట్టె కదా, నిదానంగా అందుకుంటుంది. దానికి కందికట్టె ఉండాలి, దొరక్కపోతే పత్తికట్టె, మక్కబెండ్లు. మీ చేన్లో ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉండకపోదు. గుప్పెడు కందికట్టె మండుతుంటే దాని మీద వేలు మందం తుమ్మ పుల్లలు, అవి అందుకున్నాక పేళ్లు. టైరు ముక్క, ప్లాస్టిక్ కవరు, కిరోసిన్, ఇవేవీ పొయ్యి దగ్గరికి రానీయొద్దు, అన్నానికి ఆ వాసన పడుతుంది, పీల్చేవాళ్ల ఊపిరితిత్తులకు విషం. రంగు వేసిన తలుపు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు కూడా అంతే. కుప్పలో ఎవరైనా గన్నేరు కొమ్మలు కలిపేస్తే తీసేయండి, దాని పొగ కూడా మంచిది కాదు. వేప కట్టె నీళ్ల కాగు కిందికి సరే, వంట కిందికి పెడితే దాని చేదు పొగ ముక్కుకు తెలుస్తుంది. చింత దొరికితే తుమ్మకు జతగా నిలుస్తుంది, కానీ చీల్చేవాడి చేతులు అడగాలి. సర్కారు తుమ్మ గురించి చాలామంది అడుగుతారు: అదీ మంచి కట్టే, బొగ్గుకు కూడా మంచిదే, కొట్టినకొద్దీ మొలుస్తుంది కాబట్టి రోజువారీ నీళ్లు కాగబెట్టుకోవడానికి దాన్నే కొట్టుకోవాలి, నల్లతుమ్మను కాదు.

కట్టెను కుక్కొద్దు. పెద్ద గిన్నె కింద కూడా మూడు నాలుగు పేళ్ల కొసలు ఒక దగ్గర కలిసేట్టు పెట్టి, మండుతున్నకొద్దీ లోపలికి జరపాలి. పదేసి కట్టెలు ఒకేసారి తోస్తే గాలి ఆగిపోయి ఎండు తుమ్మ కూడా పొగ వదులుతుంది. మేడారం జాతరలో మూడు రాళ్ల మీద కోడికూర వండుకునే జనం నడుమ తిరిగినవాళ్లకు ఇది ఎరుకే. పక్కపక్కనే ఉన్న రెండు పొయ్యిల్లో ఒకటి పొగలో మునిగి ఉంటుంది, ఒకటి సన్నటి మంటతో మండుతుంటుంది. కొన్నది ఇద్దరూ ఒక్క చోటే.

బగారా అన్నానికి తుమ్మ ఎందుకంటారో ఇక్కడ చూడండి. ఎసరు మరిగి, బియ్యం పడి, నీళ్లు గింజ అంచుకు దిగే దాకా మంట కావాలి. గింజ ముప్పావు ఉడికి, పైన చిన్న చిన్న గుంటలు పడి అందులోంచి ఆవిరి తంతున్నప్పుడు మండే కట్టెలన్నీ బయటికి లాగేయాలి. గిన్నె కింద నిప్పులు మాత్రమే ఉండాలి, అవి కూడా నడుమ కుప్పగా కాదు, అంచుల వైపు పరిచి. మూత పెట్టి, అంచు చుట్టూ తడిగుడ్డ చుట్టి, మూత మీద రెండు పారల నిప్పులు పోయాలి. మామిడి నిప్పులైతే కాసేపటికే బూడిద కప్పుకుని చల్లబడతాయి, అడుగు ఉడుకుతుంది, పైన గింజ పలుకుగా మిగులుతుంది. తుమ్మ నిప్పు గట్టిగా, బరువుగా ఉండి ఇరవై నిమిషాలు అదే ఎరుపులో నిలుస్తుంది. పైనుంచీ కిందనుంచీ ఒకే తీరుగా సెగ తగిలి అన్నం విడివిడిగా, అడుగంటకుండా దమ్ము పడుతుంది. మంచి వంటాయన ఈ నిప్పుల కోసమే తుమ్మ అడుగుతాడు. మీ వంటాయనకు ఎండిన తుమ్మ ఎవరూ ఇచ్చి ఉండరు.

ఆ నిప్పులతోనే ఒక ప్రమాదం ఉంది, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. వంటయ్యాక మిగిలిన నిప్పులను కుంపట్లో పోసి, చలికి బాలింత గదిలోనో, ముసలివాళ్ల గదిలోనో పెట్టి తలుపులు మూస్తుంటారు. పొగ లేదు కదా అనుకుంటారు. పొగ లేని నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కండ్లు మండవు. నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే పోతారు. పెండ్లికి వచ్చిన చుట్టాలు పడుకునే గదిలోకి నిప్పులు ఎవరూ తీసుకుపోకుండా ఒక మనిషికి బాధ్యత అప్పజెప్పండి. మిగిలిన నిప్పుల మీద నీళ్లు చల్లి బొగ్గు చేసి, పూర్తిగా చల్లారాక గోనెసంచిలో ఎత్తి పెట్టుకోవచ్చు.

ఇంత చెప్పినా, రోజూ ఇంటివంట కట్టెల పొయ్యి మీద చేయమని నేను ఎవరికీ చెప్పను. ఎంత ఎండు తుమ్మ అయినా కనిపించని సన్నటి పొగ ఉంటుంది, మూసిన వంటింట్లో అది పీల్చేది ఆడవాళ్లు, వాళ్ల పక్కన ఆడుకునే పిల్లలు. మీ అమ్మకు కట్టెల పొయ్యి మీద మనసుంటే వాకిట్లో చూరు కింద, రెండు వైపులా గాలి ఆడే చోట పెట్టించండి. నీళ్లు అక్కడ కాగనీయండి, రోజు కూర గ్యాస్ మీద కానీయండి.

బూడిద పారేయొద్దు. శుభ్రమైన కట్టె బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి, కూరగాయల మడిలో పలుచగా చల్లితే మంచిది. యూరియాతో కలిపి మాత్రం చల్లొద్దు, అందులోని నత్రజని అమ్మోనియాగా గాలికి పోతుంది. చౌడు నేలలో కూడా వేయొద్దు. వేడి బూడిదను గడ్డివాము దగ్గర పోయకండి, పైకి చల్లారినట్టున్న బూడిద లోపల నిప్పు మరునాటి దాకా ఉంటుంది.

ఇక మొదళ్ల సంగతి. నల్లతుమ్మ కొట్టినచోట మళ్లీ చిగురు బలంగా రాదు, వేళ్లతో లేచిన చెట్టుకు ఆ ఆశ అసలే లేదు. ఆ గుంటలు పూడ్చి, గట్టు సరిచేసుకుని, వచ్చే జూన్‌లో కొత్తగా విత్తాలి. దీనికి నర్సరీకి పోవాల్సిన పని లేదు. మీ ఊళ్లో మేకల దొడ్డి ఉంటే వేసవిలో అక్కడి పెంటలో తుమ్మగింజలు ఏరుకోండి. మేకలు కాయలు తిని వదిలిన గింజ పైతొక్క మెత్తబడి ఉంటుంది, బాగా మొలుస్తుంది. చెట్టు కింది కాయల్లోంచి తీస్తే వేడినీళ్లు పోసి, ఒక రాత్రి ఆ నీళ్లలోనే ఉంచి విత్తండి. గుంటకు రెండు మూడు గింజలు, అంగుళం లోతు చాలు. వరి మడికి నీడ పడకుండా గట్టు చివర్లలో దూరం దూరంగా పెట్టండి. పక్కకు లాగి ఉంచమన్న ముండ్ల కంప ఇప్పుడు పనికొస్తుంది: మొలకల చుట్టూ దాన్ని నాటండి, మొదటి రెండేండ్లు మేకల నోరు అందకపోతే తర్వాత చెట్టు తనను తాను చూసుకుంటుంది.